కమ్మరి కొడుకు కొలిచిన నీరు

2025 జనవరి 8న విశాఖపట్నంలో ప్రధాని చేతుల మీదుగా పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. పూడిమడక అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలో సముద్రం ఒడ్డునున్న మత్స్యకారుల ఊరు. పెట్టుబడి 1,85,000 కోట్ల రూపాయలని, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీస్తారని ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందు, 2023 జనవరిలో, కేంద్ర ప్రభుత్వం 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం.

ఈ అంకెలు చదివినప్పుడు మాకు మొదట తట్టిన ప్రశ్న ఒకటే. ఎంత నీరు? దానికి జవాబు ప్రభుత్వ కాగితాల్లో వెతకక్కర్లేదు. దాదాపు 190 ఏళ్ల క్రితం లండన్‌లో ఒక నేలమాళిగలో ఒక కమ్మరి కొడుకు ఆ లెక్క తేల్చి పెట్టాడు. నీటిలోంచి కరెంటు పంపితే 9 కిలోల నీటికి 1 కిలో హైడ్రోజన్, 8 కిలోల ఆక్సిజన్ వస్తాయి. పూడిమడకలో రోజుకు 1,500 టన్నులంటే 13,500 టన్నుల నీరు, అంటే 1 కోటీ 35 లక్షల లీటర్లు. విడగొట్టడానికి మాత్రమే అంత. శుద్ధి చేయడానికి, యంత్రాలు చల్లబరచడానికి అయ్యేది వేరే.

ఆ కమ్మరి కొడుకు పేరు మైకేల్ ఫారడే. ఇంటర్ కెమిస్ట్రీలో ఫారడే నియమాలు రెండూ మేమంతా బట్టీ పట్టినవే. సంక్షేమ హాస్టల్ వరండాలో నిలబడి అప్పజెప్పినవే. ఆయన ఎవరి కొడుకో, ఎవరి ఇంట్లో ఎవరితో కలిసి తిన్నాడో ఆ పుస్తకంలో లేదు. అది ఉండి ఉంటే మాలో కొందరం ఆ పాఠాన్ని ఇంకోలా చదివేవాళ్లం.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ శివారు న్యూయింగ్టన్ బట్స్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ ఉత్తర ఇంగ్లండు నుంచి పని వెతుక్కుంటూ వలస వచ్చిన కమ్మరి. ఒంట్లో బాగుండేది కాదు. కొలిమి దగ్గర రోజంతా నిలబడలేకపోయేవాడు. కుటుంబం ఒక గుర్రపుశాల సందులో, బండ్ల కొట్టం మీది గదుల్లో కాపురం ఉండేది. 1801లో తిండిగింజల ధరలు మండిపోయినప్పుడు తొమ్మిదేళ్ల ఆ పిల్లవాడికి వారానికి ఒక రొట్టె ఇచ్చేవారట. దాన్ని అతనే ఏడు రోజులకు సర్దుకోవాలి.

బడి సంగతి కూడా అంతే. చదవడం, రాయడం, కాస్త లెక్క, అక్కడితో సరి. నోరు తిరగక అన్న రాబర్ట్ పేరు సరిగా పలకలేకపోయేవాడని, ఆ ఉచ్చారణ బాగుచేయడానికి పంతులమ్మ అన్నకే డబ్బిచ్చి బెత్తం కొనుక్కురమ్మందని ఒక కథ చెబుతారు. రాబర్ట్ ఆ నాణెం గోడ మీంచి విసిరేసి ఇంటికి పోయి అమ్మకు చెప్పాడు. అమ్మ మార్గరెట్ ఇద్దరినీ ఆ బడి మానిపించింది. యాసకు, పలుకుకు తరగతి గదిలో నవ్వులపాలైన వాళ్లకు ఈ కథ పాతదిగా అనిపించదు.

పదమూడో ఏట జార్జ్ రీబో అనే ఫ్రెంచి వలసదారు పుస్తకాల కొట్టులో పత్రికలు మోసే కుర్రాడిగా చేరాడు. ఏడాది తిరిగాక అక్కడే బైండింగ్ పని నేర్చుకోవడానికి ఏడేళ్ల ఒప్పందం. కొట్టుకు కుట్టడానికి వచ్చిన పుస్తకాలు కుట్టేముందు చదివేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద వ్యాసం అలా కళ్లబడింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ ఆడపిల్లల కోసం సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్ర పుస్తకం అలా చేతికొచ్చింది. కాలేజీ గడప తొక్కనివ్వని ఆడవాళ్ల కోసం రాసిన పుస్తకం, కాలేజీ గడప తొక్కలేని బైండింగ్ కుర్రాడికి మొదటి గురువైంది. జీవితాంతం ఫారడే ఆ రుణం చెప్పుకున్నాడు.

ఊళ్లో సాయంత్రాలు జాన్ టేటమ్ అనే ఆయన ఇంట్లో విజ్ఞాన ఉపన్యాసాలు జరిగేవి. ఒక్కోదానికి ఒక షిల్లింగు. ఆ షిల్లింగు అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. అతనూ కమ్మరే. ఫారడే జీవితచరిత్రల్లో ఈ అన్నకు దక్కేది ఒకటి రెండు వాక్యాలు. మా ఇళ్లలో చదువుకున్న ప్రతి ఒక్కరి వెనకా చదువు ఆపేసి కూలికి పోయిన అన్నో అక్కో ఉంటారు కాబట్టి మేం రాబర్ట్ దగ్గర ఆగుతున్నాం.

ఆ రోజుల్లో నీటిని విడగొట్టడం కొత్త వింత. 1800లో ఇటలీ నుంచి వోల్టా తన బ్యాటరీ సంగతి రాసి పంపిన కొద్ది వారాలకే లండన్‌లో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ అలాంటిదే ఒకటి పేర్చి, దాని తీగలు నీటిలో ముంచారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్ బుడగలు వచ్చాయి, రెండో తీగ దగ్గర ఆక్సిజన్. వేల ఏళ్లు మూలపదార్థమనుకున్న నీరు రెండు వాయువుల కలయిక అని అంతకు కొన్నేళ్ల ముందే తేలింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా బల్ల మీద విప్పి చూపించగలరు. 1812లో బైండింగ్ కుర్రాడు ఫారడే తానూ ఒక బ్యాటరీ చేసుకున్నాడు. ఏడు అర పెన్నీ రాగి నాణేలు, వాటికి సరిపడా కత్తిరించిన జింకు బిళ్లలు, మధ్యలో ఉప్పునీటితో తడిపిన కాగితాలు. దానితో ఒక లవణ ద్రావణాన్ని విడగొట్టాడు. నాణేలు ఖర్చుపెట్టుకోవడానికి కాక ప్రయోగానికి వాడుకున్న పేదవాడి ఆనందం అతని ఉత్తరాల్లో కనిపిస్తుంది.

అదే ఏడాది కొట్టుకు వచ్చే ఒక ఖాతాదారు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. డేవీ అప్పటికి యూరప్ అంతా తెలిసిన పేరు. కరెంటుతోనే పొటాషియం, సోడియం లోహాలను మొదటిసారి వేరుచేసినవాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, రాసుకుని, బొమ్మలు గీసి, తన చేత్తో బైండు చేసి డేవీకి పంపాడు. అంతకుముందు రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉద్యోగం కోసం రాసిన ఉత్తరానికి జవాబే రాలేదు. డేవీ మాత్రం పిలిచాడు. 1813 మార్చిలో ప్రయోగశాల సహాయకుడిగా చేర్చుకున్నాడు. వారానికి 25 షిల్లింగులు, మేడ మీద రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు.

ఆ అక్టోబర్‌లో డేవీ దంపతులు యూరప్ యాత్రకు బయలుదేరారు. చివరి నిమిషంలో డేవీ వ్యక్తిగత సేవకుడు రానన్నాడు. పారిస్‌లో ఇంకొకణ్ణి చూసుకుందాం, అప్పటిదాకా ఆ పనులు కూడా నువ్వే చూడు అని ఫారడేకు అప్పగించారు. పారిస్ దాటింది, ఇటలీ వచ్చింది, కొత్త సేవకుడు మాత్రం రాలేదు. డేవీ భార్య జేన్ ఫారడేను పనివాడిగానే చూసింది, పనివాళ్లతోనే కూర్చుని తినమంది. జెనీవాలో ద లా రీవ్ అనే శాస్త్రవేత్త ఇంట అతిథులుగా దిగినప్పుడు, ఇంతటి తెలివైనవాణ్ణి పనివాళ్ల పంక్తిలో కూర్చోబెట్టడం ఆయనకు నచ్చలేదు. మన భోజనాల బల్ల దగ్గరకు పిలుద్దామన్నాడు. డేవీ ఒప్పుకోలేదు. ఫారడే ఒక దశలో అంతా వదిలేసి ఇంటికి పోదామనుకున్నాడు. వెనక్కి తిరిగి వెళితే మళ్లీ బైండింగ్ కొట్టే గతి. ఉండిపోయాడు.

ఈ డేవీ ఎవరు? ఏ జమీందారు బిడ్డా కాదు. పెంజాన్స్ ఊళ్లో చెక్క మీద నగిషీ చెక్కేవాడి కొడుకు. సర్ బిరుదు, డబ్బున్న భార్య, రెండూ ఆ 1812లోనే వచ్చాయి. పన్నెండేళ్ల తర్వాత, 1824 జనవరిలో, ఫారడేను రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకుంటున్నప్పుడు అధ్యక్ష పీఠంలో ఉన్న ఇదే డేవీ వ్యతిరేకించాడు. ఓట్లు లెక్కిస్తే వ్యతిరేకంగా పడ్డది ఒకే ఒక్కటి. అంబేద్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత మన కులవ్యవస్థది, ఇంగ్లండుది కాదు. కానీ ఒక మెట్టు పైకెక్కినవాడు కింది మెట్టు వాణ్ణి ఎంత జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటాడో అర్థం చేసుకోవడానికి ఈ ఉదంతం పనికొస్తుంది.

పోలిక ఎంతవరకో కూడా చెప్పాలి. ఫారడే తాకిన గ్లాసు మైలపడలేదు. అతని కుటుంబం చిన్న అసమ్మతి క్రైస్తవ శాఖకు చెందింది. ఆ కాలంలో అలాంటివాళ్లకు ఆక్స్‌ఫర్డ్ తలుపులు మూసే ఉండేవి, కేంబ్రిడ్జి పట్టా ఇచ్చేది కాదు. అయినా తలుపు దాటాక పుట్టుక అతన్ని వెంటాడి వెనక్కి లాగలేదు. సతారా బడిలో ప్యూను వచ్చి పైనుంచి పోస్తే తప్ప నీళ్లు తాగడానికి లేని పిల్లవాడు కొలంబియాలో డాక్టరేట్ చేసి బరోడా వచ్చాక కూడా ఉండటానికి గది దొరకలేదు. 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువులో నీళ్లు తాగినందుకు దళితుల మీద దాడి జరిగింది. లండన్ నేలమాళిగలో నీటిని రెండు వాయువులుగా విడగొట్టి దాదాపు వందేళ్లయ్యాక, ఆ నీటిని ముట్టుకునే హక్కు కోసం ఇక్కడ తలలు పగిలాయి. వర్గమూ కులమూ ఒకటే అనేవాళ్లకు మేం చూపించే తేడా అది.

మళ్లీ ఫారడే దగ్గరకు. 1821లో సారా బర్నార్డ్‌ను పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది కరెంటు తీగను అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. ఈనాటి ప్రతి మోటారుకూ అది ముత్తాత. 1831 ఆగస్టు 29న అయస్కాంతంతో కరెంటు పుట్టించే సూత్రం దొరికింది. ప్రతి జనరేటరూ దాని సంతానమే. వాటి గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. మాకు కావలసింది ఆ తర్వాతి మూడేళ్లు.

నీటిని కరెంటు విడగొడుతుందని తెలుసు, ఎంత కరెంటుకు ఎంత నీరో తెలియదు. ఒకే కరెంటును వరసగా పేర్చిన పాత్రల గుండా పంపాడు ఫారడే. ఒక పాత్రలో చిన్న పలకలు, ఇంకో పాత్రలో పెద్దవి. ఒకదానిలో ఆమ్లం పలచగా, ఇంకోదానిలో చిక్కగా. వచ్చిన వాయువును గాజు గొట్టాల్లో పట్టి కొలిచాడు. అన్నిట్లోనూ ఒకటే కొలత. పలక సైజు, ఆమ్లం చిక్కదనం ఏవీ లెక్కలోకి రాలేదు. పారిన విద్యుత్ పరిమాణం ఒక్కటే లెక్క. అది మొదటి నియమం. ఆ పాత్ర ఇక కరెంటును కొలిచే మీటరుగా కూడా పనికొచ్చింది. రెండోది, అదే కరెంటును వేర్వేరు పదార్థాల గుండా పంపితే ఒక్కోటి తన తుల్యభారం నిష్పత్తిలో విడుదలవుతుంది. ఈనాటి లెక్కలో 1 గ్రాము హైడ్రోజన్ వచ్చేచోట సుమారు 107 గ్రాముల వెండి, 31.5 గ్రాముల రాగి వస్తాయి. పదార్థంలో విద్యుత్తు విడి విడి బిళ్లల్లా ఉందేమోనన్న ఊహకు, ఎలక్ట్రాన్ దొరకడానికి అరవై ఏళ్ల ముందు, ఇదే మొదటి ఆనవాలు.

అతనికి లెక్కలు రావు. నిజంగానే రావు. ఆయన రాతల్లో సమీకరణాలు కనిపించవు. చేతితో చేసి, కంటితో చూసి, కొలిచి, రాసిపెట్టేవాడు. చేతిపని చేసేవాళ్లను తక్కువగా, పనిముట్టు ముట్టనివాణ్ణి పండితుడిగా చూసే దేశంలో మేం రసాయనశాస్త్రం నేర్చుకున్నాం. ప్రాక్టికల్స్ పరీక్షలో బ్యూరెట్ కడిగిన ల్యాబ్ అటెండర్‌కే ఆ ప్రయోగం ఎలా చేయాలో మా లెక్చరర్ల కంటే బాగా తెలుసని మాకు అప్పుడే తెలుసు.

కొత్త విషయానికి కొత్త మాటలు కావాలి. గ్రీకు రాని ఫారడే, కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్‌ను సాయం అడిగాడు. హ్యూయెల్ తండ్రి వడ్రంగి. 1834లో కమ్మరి కొడుకు, వడ్రంగి కొడుకు ఉత్తరాలు రాసుకుని స్థిరపరచిన మాటలే ఇవాళ మనం తెలుగులోనూ వాడుతున్న ఆనోడ్, కాథోడ్, అయాన్. అయాన్ అంటే వెళ్లేది, నడిచేది. ఎలక్ట్రోడ్, ఎలక్ట్రోలైట్ కూడా ఆ ఏడాది పుట్టినవే.

ఆ ప్రయోగశాలలో ఇంకో మనిషి ఉన్నాడు. చార్లెస్ ఆండర్సన్, సైన్యంలో సార్జెంటుగా చేసి వచ్చినవాడు. 1827లో గాజు తయారీ ప్రయోగాల కోసం కొలిమి కాయడానికి చేరాడు. దాదాపు నలభై ఏళ్లు, తాను చనిపోయేదాకా, ఫారడే పక్కనే పనిచేశాడు. ఒక సాయంత్రం ఇక ఇంటికి వెళ్లమని చెప్పడం ఫారడే మరచిపోతే, తెల్లవారేదాకా కొలిమి ఆరనివ్వకుండా కూర్చున్నాడని చెబుతారు. ఈ కథను విధేయతకు ఉదాహరణగా చెప్పి నవ్వుకుంటారు. మాకు నవ్వు రాదు. పనివాళ్ల పంక్తిలో కూర్చోబెట్టారని బాధపడ్డ ఫారడే, తన పనివాడు ఇంటికి వెళ్లాడో లేదో మరచిపోగలిగాడు. ఆయన గొప్పవాడు కాబట్టి దీన్ని దాచాలని మేం అనుకోం.

అలాగని అధికారం ముందు వంగిన మనిషి కాదు. 1835లో ప్రభుత్వ పింఛను విషయమై ప్రధానమంత్రి లార్డ్ మెల్బోర్న్ ఇంటికి పిలిచి, శాస్త్రవేత్తలకు పింఛన్లివ్వడమే ఒక బూటకమన్నట్టు మాట్లాడాడు. ఫారడే ఆ సాయంత్రమే పింఛను అక్కర్లేదని రాసి పంపాడు. ప్రధాని లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాకే ఏడాదికి 300 పౌన్లు తీసుకున్నాడు. సర్ బిరుదు వద్దన్నాడు. ఒకప్పుడు తన ఉత్తరానికి జవాబివ్వని రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి తనదాకా వస్తే అదీ వద్దన్నాడు.

1844 సెప్టెంబర్ 28న డర్హమ్ జిల్లా హాస్వెల్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 95 మంది మగవాళ్లు, పిల్లలు చనిపోయారు. అక్కడి గని కార్మికులు నెలల తరబడి సమ్మె చేసి, ఓడిపోయి, అప్పుడే పనిలోకి దిగారు. కార్మికుల లాయరు డబ్ల్యూ. పి. రాబర్ట్స్ పట్టుబట్టడంతో ప్రభుత్వం ఫారడేను, భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయల్‌ను విచారణకు పంపింది. ఫారడే గనిలోకి దిగాడు, సాక్షులను తానే ప్రశ్నించాడు. గనిలో కూర్చోమంటే ఒక సంచి మీద కూర్చుని, మీ తుపాకీ మందు ఎక్కడ దాస్తారని అడిగితే, మీరు కూర్చున్న సంచిలోనే అన్నారట. జ్యూరీ ప్రమాదవశాత్తు మరణాలని తేల్చింది. ఆయనా కాదనలేదు, వితంతువుల కోసం చందా ఇచ్చి వచ్చాడు. కానీ వాళ్లిద్దరి నివేదిక ఒక మాట పట్టుకుంది. మండింది వాయువు ఒక్కటే కాదు, గాలిలో లేచిన బొగ్గుపొడి కూడా. వాయువును గొట్టాలతో బయటికి లాగేయమని సూచించారు. ఖర్చు ఎక్కువని గని యజమానులు తోసిపుచ్చారు. బొగ్గుపొడి మాటను దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోలేదు.

ప్రమాదవశాత్తు అనే మాట మాకు బాగా తెలుసు. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక చనిపోయిన పారిశుధ్య కార్మికుల ఎఫ్‌ఐఆర్‌లలో ఆ మాట ఉంటుంది. 2013 చట్టం ఉంది, 2014లో 10 లక్షల పరిహారం ఇవ్వాలన్న సుప్రీంకోర్టు తీర్పు ఉంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసిన తీర్పు ఉంది. లోపలి వాయువుల్లో ఏముంటుందో శాస్త్రానికి ఎప్పటినుంచో తెలుసు.

మురుగు గురించీ ఫారడే మాట్లాడాడు. 1855 జూలైలో థేమ్స్ నదిలో స్టీమరు మీద వెళుతూ తెల్ల అట్టముక్కలు తడిపి నీటిలో వేస్తూ పోయాడు. అంగుళం కూడా మునగకముందే కనిపించకుండా పోయేవి. ఆ సంగతి టైమ్స్ పత్రికకు రాశాడు. మూడేళ్ల తర్వాత ఆ కంపు పార్లమెంటు కిటికీల్లోకి వచ్చాకే లండన్‌కు పెద్ద మురుగు కాలువలు కట్టడానికి డబ్బు వచ్చింది.

1860 క్రిస్మస్‌కు పిల్లల కోసం కొవ్వొత్తి మీద ఇచ్చిన ఉపన్యాసాల్లో నీటిని కరెంటుతో విడగొట్టి చూపించాడు. వచ్చిన వాయువులను మళ్లీ మండించి నీటిని తెప్పించాడు. హైడ్రోజన్ మండితే పొగ ఉండదు, నీరే మిగులుతుంది. ఇవాళ దాన్ని ఇంధనం అంటున్నది ఇందుకే. అప్పటికే 1842లో ఆయన మిత్రుడు విలియం గ్రోవ్ హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి నేరుగా కరెంటు తీసే బ్యాటరీ చేసి ఆ కబురు ఫారడేకు రాశాడు. ఈనాటి ఫ్యూయల్ సెల్ అదే. అయితే ఈ రాకపోకల్లో నష్టం ఉంది. 1 కిలో హైడ్రోజన్ తీయడానికి ఇవాళ్టి యంత్రాలకు 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. మండిస్తే తిరిగొచ్చేది సుమారు 33 యూనిట్లు. పూడిమడకకు రోజుకు 7.5 కోట్ల యూనిట్లు. ఆ కరెంటుకు సోలార్ పలకలు ఎవరి భూముల్లో వేస్తారు, అసైన్డ్ భూముల్లోనా? నీరు సముద్రానిదా, మంచినీటిదా? సముద్రానిదైతే వేరుచేసిన ఉప్పునీరు వేటాడే నీళ్లలోకే పోతుందా? శాశ్వత ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీ, మత్స్యకార పిల్లలు ఎందరు, కాంట్రాక్టు కింద ట్యాంకులు కడిగేవాళ్లలో ఎందరు? 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖతోపాటు విద్యుత్ విధానాన్ని చూసిన అంబేద్కర్‌కు కరెంటు, కూలి ఒకే బల్ల మీది ఫైళ్లు. ఆ రెండు ఫైళ్లనూ మళ్లీ కలిపి అడగాలి.

చివరి ఏళ్లలో ఫారడేకు జ్ఞాపకశక్తి తగ్గింది. 1858లో రాణి హాంప్టన్ కోర్టు దగ్గర ఇల్లు ఇచ్చింది. 1866లో ఆండర్సన్ పోయాడు. మరుసటి ఏడాది ఆగస్టు 25న కుర్చీలో కూర్చునే ఫారడే కన్నుమూశాడు. లండన్ హైగేట్ శ్మశానంలో అధికార చర్చికి చెందనివాళ్లకు కేటాయించిన వైపు పాతిపెట్టారు. రాతి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి.